మడమలు

ముందు బొటనవేలి గోరుతో అంచు తడమాలి.
అతికించిన ప్లాస్టిక్ అయితే గోటికి చిన్న గట్టు తగులుతుంది,
మానుతున్న పుండు మీది పొక్కులా.
తర్వాత దీపం కింద వంచాలి.
దొంగ కార్డులో మెరుపు ఒకేచోట కూర్చుంటుంది,
అసలుదాంట్లో చేపపిల్లలా జారిపోతుంది.
చివరికి చెవులు చూడాలి.
జుట్టుకు రంగు వేస్తారు, గడ్డం పెంచుతారు,
చెవుల సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇదంతా నాకు లెమాన్‌స్కీ నేర్పాడు, ఈ స్టోరు యజమాని,
పందొమ్మిదేళ్ళ క్రితం, ఇలాంటి జనవరిలోనే,
సుపీరియర్ సరస్సు గడ్డకట్టి రాత్రిళ్ళు మూలిగే రోజుల్లో.
క్యాష్ డబ్బా కింద బూట్ల పెట్టె ఒకటుంది,
పట్టుకున్న కార్డులన్నీ అందులోనే.
ఫ్లోరిడావాళ్ళే ఏడుగురు;
తన ఊరి పేరు సరిగ్గా పలికినవాడు ఒక్కడూ లేడు.

డెబ్బై నాలుగేళ్ళ ఐనో తాతని కూడా కార్డు అడుగుతాను.
"అంత పడుచువాణ్ణా, ఇర్యా?" అని మురిసి
చేతి తొడుగు పళ్ళతో లాగి పర్సు తీస్తాడు.
రోజు మొత్తానికి అతనికి ఇదొక్కటే సరసం.

నిన్న రాత్రి తొమ్మిదీ నలభైకి ఆ కుర్రాడు వచ్చాడు.
బూట్ల మంచు దులుపుకోలేదు.
ఆరు సీసాల బీరు కౌంటర్ మీద పెట్టాడు,
అడక్కముందే కార్డూ పెట్టాడు.
అడక్కముందే ఇచ్చేవాణ్ణి రెండుసార్లు చూడు, అంటాడు లెమాన్‌స్కీ.

గోరు ఎక్కడా ఆగలేదు.
మెరుపు జారింది.
చెవులు కూడా, దాదాపు, అవే.
ఆరడుగుల ఒక అంగుళం, అంటోంది కార్డు.
నేను తలెత్తేసరికి వాడు కొంచెం పెరిగాడు.
కౌంటర్ మీదుగా వంగి చూశాను:
తడి బూట్లలో మడమలు నేలను వదిలేశాయి.

"పుట్టినరోజు?"
"నవంబరు తొమ్మిది."
"రాశి?"
"వృశ్చికం."
"పిన్‌కోడ్?"
తడుముకోలేదు. బట్టీ పట్టినవాళ్ళు ఇంత నెమ్మదిగా చెప్పరు.
"ఏ ఊళ్ళో పుట్టావు?"
"హాన్‌కాక్‌లో పుట్టాడు."

ఒక్క అక్షరం.
పుట్టాను అనాల్సిన చోట.
ఇద్దరం విన్నాం దాన్ని.
వెనక ఫ్రిజ్జు మోటారు కూడా అప్పుడే ఆగింది.

కార్డు మూలన చిన్న ఎర్రగుండె.
నేను పోయాక నాలోవి ఎవరికైనా ఇవ్వండి, అని దానర్థం.
టోబియాస్ రాంతా. కార్డు లెక్కన ఇరవై మూడు.
కార్డు వరకు వాడికి ఏటా వయసు పెరుగుతూనే ఉంటుంది.
ఈ ముఖం నాకు తెలుసు.
రెండేళ్ళ క్రితం ఇదే కార్డు, ఇదే దీపం కింద,
నేనే వంచి చూశాను.
అన్నీ సరిపోయాయి. చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను.
రోడ్డు జారుతోంది జాగ్రత్త, అన్నానో లేదో
ఇప్పటికీ గుర్తురాదు.

"నీకెన్నేళ్ళు?"
"పందొమ్మిది."
చేతులు జేబుల్లోకి పోయాయి. మడమలు కిందికి దిగాయి.
ఇక్కడ ఇరవై ఒకటి నిండాలి.
చట్టానికి రెండేళ్ళు తక్కువ,
అన్నకి రెండంగుళాలు తక్కువ.

సీసాలు నా వైపు జరుపుకున్నాను.
అమ్మను, అని చెప్పడానికి నాకు వేరే గొంతు ఉంది,
ఇన్నేళ్ళూ అరగదీసుకున్న గొంతు.
అది రాలేదు. ఊరికే తల అడ్డంగా ఊపాను.
వాడూ ఊపాడు, అలాగే,
అడిగింది నేనూ, కాదన్నది తనూ అయినట్టు.

నియమం ప్రకారం కార్డు పెట్టెలో పడాలి.
ఆ పెట్టె దొంగ కార్డులది.
ఇది దొంగది కాదు.
బొటనవేలితో తడి తుడిచి, ముఖం పైకి ఉండేలా
వాడి వైపు తోశాను.

తలుపు గంట మోగింది. చలి లోపలికొచ్చి కాసేపు నిలబడింది.

పుస్తకంలో రాయాలి: సమయం, సరుకు, నిరాకరించిన కారణం.
సమయం రాశాను. బీరు పేరు రాశాను.
మూడో గడిలో చాలాసేపటికి,
ఎత్తు సరిపోలేదు, అని రాశాను.

తలెత్తితే ఐనో తాత,
కార్డు చేత్తో పట్టుకుని అప్పటికే నిలబడి ఉన్నాడు,
నన్నడగవేం, అన్నట్టు.